పరగడుపు మేత

రెంటచింతల,
20 జూన్ 2024

తమ్ముడు ఐజాజ్‌కు అక్క జైనాబ్ బీ రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. నేను క్షేమంగా లేను కాబట్టి ఆ మాట రాయను. నువ్వూ, అంజుమూ, పిల్లలూ బాగుంటే చాలు.

బక్రీద్ నాడు ఫోన్ ఎత్తలేదని అలిగావట. నా చెవి సంగతి నీకు తెలియంది కాదు. స్పీకర్‌లో పెడితే గాని వినపడదు. పెట్టానంటే గోడ అవతల మౌలాలీ ముందు వింటాడు, తరవాత నేను వింటాను. మా ఆయన ఎక్కడ గోడ కట్టాడో గాని, తన అన్న చెవిలోకే కట్టినట్టున్నాడు. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

నా దున్న కర్రోడు ఎలా పోయాడో నీకు ముక్కలుముక్కలుగా తెలుసు. మొత్తం విను. మేలో నా చెవి చూపించుకోవడానికి మీ నరసరావుపేట వచ్చాను కదా, ఆ రోజు నా దున్నలు కంప దాటి మౌలాలీ చొప్పవామి పీకాయి. తప్పే, కాదనను. తోలి నా దొడ్లో కట్టేసి, నేను వచ్చాక నాలుగు తిట్టి ఉంటే పడేదాన్ని. వాడు వాటిని తీసుకెళ్ళి పంచాయతీ బందెలదొడ్డిలో పెట్టాడు. నీడ లేదు, తొట్టిలో చుక్క నీళ్ళు లేవు. రెంటచింతల మే ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పాలా? నా నంబరు వాడి ఫోన్లో ఉంది. ఒక్క మాట చెప్పలేదు. నేను మర్నాడు వచ్చేసరికి మిగతావి నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. కర్రోడు పడిపోయి ఉన్నాడు.

నేను దున్నలను పెంచి కోతకు అమ్ముకునేదాన్ని. పాలవాళ్ళు మగదూడ పుడితే ఎండగట్టి చంపుతారు, నేను వాటిని తెచ్చి బతికించి కండ పట్టించి అమ్ముతాను. చావు నాకు కొత్త కాదు. కానీ కర్రోడు అమ్మకానికి కాదని ఊరందరికీ తెలుసు. మా ఆయన చనిపోయిన ఏడు నేను తెచ్చుకున్న దూడ వాడు. మంద మొత్తం వాడి వెనక నడిచేది.

ఇక పని మాట. మొన్న పశువుల డాక్టరమ్మ కృష్ణవేణి గారు మీటింగు పెట్టారు. మేపుచేలో ఉత్త గడ్డి ఉంటే చాలదట, పప్పుజాతి మేత కలిపితే పశువుకు కండ, నేలకు బలం అట. చాలా రకాలు చెప్పారు. నాకు లూసర్న్ అనేది కావాలి. మీ పేటలో కన్నయ్య విత్తనాల కొట్లో దొరుకుతుందేమో చూడు. మౌలాలీ చేను వైపు గట్టు పొడుగునా వేస్తాను. వాడి గేదెలు కడుపారా తినాలి.

అక్క
జైనాబ్ బీ


నరసరావుపేట,
27 జూన్ 2024

అక్కకు ఐజాజ్ సలాములు.

నీ ఉత్తరం చదివి అంజుమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కర్రోడి గురించి కాదు, చివర నువ్వు రాసిన మాటకు. నీకు అంత అన్యాయం చేసినవాడి గేదెల కోసం మేత వేస్తానన్నావు చూడు, అలాంటి మనసు ఎవరికి ఉంటుంది? నేనైతే వాడి ట్రాక్టరు నా షెడ్డుకు వస్తే బోల్టులు వదులు చేసి పంపేవాణ్ణి. నవ్వకు, నిజంగానే అనుకున్నాను.

పగ పెట్టుకుంటే మనకే బీపీ. నువ్వు మరిచిపోవడమే మంచిదైంది. విత్తనం రేపే కనుక్కుంటాను. చెవికి డాక్టరు రాసిన చుక్కలు వేసుకుంటున్నావా?

తమ్ముడు
ఐజాజ్


రెంటచింతల,
3 జులై 2024

ఒరేయ్ ఐజాజ్,

నీకు చదువు చెప్పించిన డబ్బుతో ఇంకో దున్నను కొని ఉంటే బాగుండేది.

ఎవరు మరిచిపోయారు? డాక్టరమ్మ మీటింగులో ఒక జాగ్రత్త చెప్పారు. ఆమె మాటలే రాస్తున్నా: "లూసర్న్ మంచు మీద ఉన్నప్పుడు పరగడుపున పశువును వదలొద్దమ్మా. ఆకలి మీద గబగబా మేస్తది, కడుపులో నురగ కట్టి ఉబ్బుద్ది, ఎడమ డొక్క డోలు లాగా అవుద్ది, ఊపిరి ఆడక పోద్ది." అందరూ ఆ మాట విని భయపడ్డారు. నాకు మాత్రం ఆ పూటే ఆకలి వేసింది. కర్రోడు పోయాక మొదటిసారి ముద్ద దిగింది.

ఈ ఏడు వాడికి చొప్ప తక్కువ. చలికాలానికి గేదెలు పొద్దున్నే ఆకలితో లేస్తాయి. గట్టు మీద పచ్చగా మేత కనపడుతుంది, దాని మీద మంచు ఉంటుంది. నేను కంపలో ఒక కంత తీసి పెడతాను. తోలేది నేను కాదు, తినేది నేను కాదు. అవే నడిచి వస్తాయి. నా దున్నలు వాడి వామి మీదికి నడిచి వెళ్ళినట్టే.

ఇప్పుడు అంజుమ్‌కు చదివి వినిపించు.

అక్క


నరసరావుపేట,
9 జులై 2024

అక్కా,

వినిపించలేదు. ఉత్తరం పానాల పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాను.

తప్పు చేసింది మౌలాలీ బావ. ఆ గేదెలు ఏం చేశాయి? మనం పశువును కోతకు పెంచేవాళ్ళం, నిజమే. అల్లా పేరు తలుచుకుని కోసినదానికి ఒక లెక్క ఉంది. ఉబ్బి, కళ్ళు తేలేసి, గింజుకుని చచ్చినదానికి ఏం లెక్క చెబుతావు? కడుపుతో ఉన్న గేదె కూడా ఉందంటివి పోయినసారి వచ్చినప్పుడు. నువ్వు దూడలను చేత్తో పాలు తాగించి బతికించిన మనిషివి. రెండు రోజులు ఆలోచించు.

తమ్ముడు


రెంటచింతల,
18 జులై 2024

తమ్ముడూ,

ఆలోచించాను. నిన్న పీర్లపండగ. మౌలాలీ పీరును ఎత్తుకుని వీధంతా తిరిగాడు. ఆడవాళ్ళు వాడి కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోశారు. ఆ నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అందులో ఒక్క బిందె మే నెలలో బందెలదొడ్డికి వెళ్ళి ఉంటే నా కర్రోడు బతికేవాడు. దాహంతో చంపినదానికి వాడు ఏం లెక్క చెప్పాడు? ముందు వాడిని అడుగు, తరవాత నన్ను అడుగు.

విత్తనం పంపుతావా, నన్నే పేట రమ్మంటావా?

అక్క


నరసరావుపేట,
24 జులై 2024

అక్కకు సలాములు.

నువ్వే గెలిచావు. నీతో వాదించి గెలిచినవాడు మన ఇంట్లో పుట్టలేదు. విత్తనం మాచర్ల బస్సు డ్రైవర్ రాఘవ చేతికి ఇచ్చాను, రెంటచింతల స్టాండులో తీసుకో.

కన్నయ్య చెప్పిన పద్ధతి రాస్తున్నా. గింజ పెంకు గట్టిది. నీళ్ళు బాగా కాగాక దించి, కాస్త ఆగి, గింజలు అందులో వేసి వెంటనే వార్చాలి. రాత్రి నానబెట్టి మర్నాడు ఇసకతో కలిపి చల్లు. లోతుగా పడకూడదు. మొదట్లో నిదానంగా లేస్తుంది, కంగారుపడొద్దు. రాళ్ళనేల అయినా పరవాలేదట.

ఇక్కడ వాన లేదు. షెడ్డులో పని ఎక్కువ.

తమ్ముడు
ఐజాజ్


రెంటచింతల,
30 అక్టోబర్ 2024

తమ్ముడూ,

మేత మోకాలి ఎత్తు వచ్చింది. ఇంత బాగా వస్తుందని నేను అనుకోలేదు. ఆ గట్టు వార మా ఆయన ఉన్నప్పుడు పల్లేరు కూడా సరిగా మొలిచేది కాదు. చిన్న చిన్న ఆకులు, గుబురుగా పాకింది. చేత్తో నిమిరితే మెత్తగా ఉంటుంది. నా దున్నలు కంప అవతల నుంచి మెడలు చాచి చూస్తున్నాయి. వాటికి ఒక్క పరక వేయలేదు. ఇది వాటికి కాదు.

ఒక సంగతి అడగాలి. లూసర్న్ ఊదారంగు పూలు పూస్తుందని డాక్టరమ్మ చెప్పినట్టు గుర్తు. ఇది పసుపు పూలు పూసింది. ఇదేంది?

మౌలాలీ గేదెలు డొక్కలు ఎండి ఉన్నాయి. చూస్తే జాలి వేసేలా ఉన్నాయి. నేను చూడటం మానేశాను.

అక్క


నరసరావుపేట,
6 నవంబర్ 2024

అక్కకు సలాములు.

పూల రంగు గురించి కన్నయ్యను అడిగాను. రకాన్ని బట్టి మారుతుందట. మేత మంచిదయితే పూలతో మనకేం పని?

అంజుమ్‌కు జ్వరం తగ్గింది. నీ దున్నలకు కూడా కాస్త వేసి చూడు అక్కా, మొత్తం బావ గేదెలకే ఎందుకు? అయినా నీ ఇష్టం.

తమ్ముడు


రెంటచింతల,
15 డిసెంబర్ 2024

తమ్ముడూ,

నా దున్నలకు వేసి చంపుకోమంటావా? నీ బుర్ర ఆ గ్రీజులో పడి మగ్గిపోయింది.

కంత తీశాను. చుట్టూ తెల్లగా మంచు. తెల్లవారుజామునే వెళ్ళి దుప్పటి కప్పుకుని రాయి మీద కూర్చున్నాను. మౌలాలీ కట్లు విప్పి వదిలాడు. మొదట ముసలి గేదె వచ్చింది, తరవాత చూలు గేదె, వెనక మిగతావి. గట్టు ఎక్కి తలలు వంచి మేశాయి. ఆ కొరికే చప్పుడు నా చెవికి వినపడకపోయినా ఒంటికి తెలిసింది. దుప్పటి ఇంకా బిగించి కప్పుకున్నాను. చలికే అనుకున్నాను.

ఎడమ డొక్కలు చూస్తూ కూర్చున్నాను. ఎండ వచ్చింది. అవి మేసి, తోకలు ఊపుకుంటూ ఇంటికి వెళ్ళాయి. మర్నాడు మళ్ళీ వచ్చాయి. అప్పటి నుంచి రోజూ వస్తున్నాయి, రోజూ కూర్చుంటున్నాను. ఒక్కటీ ఉబ్బదు. గింజలు పాతవి కావు కదా? నిన్న ముసలి గేదె వెళుతూ వెళుతూ నా దుప్పటి వాసన చూసి పోయింది. దాని మొహాన ఉమ్మేశాను.

కన్నయ్యను గట్టిగా అడిగి వెంటనే రాయి.

అక్క


నరసరావుపేట,
21 డిసెంబర్ 2024

అక్కా,

ఓపిక పట్టు. చలి ఎక్కువగా ఉంది, పొద్దున్నే వెళ్ళి కూర్చోకు. నీ ఒంటికి మంచిది కాదు.

తమ్ముడు


రెంటచింతల,
5 జనవరి 2025

ఐజాజ్,

దీవెనలు లేవు. నీకు రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

డాక్టరమ్మ టీకాలు వేయడానికి వచ్చి నా చేను చూసి నిలబడిపోయింది. "ఎంత బాగా పెంచావమ్మా స్టైలో!" అంది. లూసర్న్ అన్నాను, గింజను వేడినీళ్ళలో ముంచి చల్లానని చెప్పాను. ఆమె నవ్వింది. "లూసర్న్ గింజకు వేడినీళ్ళు ఎందుకమ్మా? ఇది స్టైలోనే. రాళ్ళల్లో కూడా వస్తది. దీంతో ఒక సుఖం ఏందంటే కడుపుబ్బరం రాదు. పరగడుపునైనా, మంచు మీదైనా నిశ్చింతగా మేపుకో" అంది.

నిశ్చింతగా మేపుకోమంది! నేను ఎవరి గేదెలను మేపుతున్నానో ఆమెకేం తెలుసు?

వాడి గేదెలు చూడు ఇప్పుడు. చావమంటే బలిశాయి. డొక్కలు పూడాయి, వెంట్రుక నిగనిగలాడుతోంది, పాలు పెరిగాయని వాడి పెళ్ళాం జుబేదా వీధిలో చెప్పుకుంటోంది. నా దున్నలు ఎండుచొప్ప నములుతూ నిలబడ్డాయి. శత్రువు గొడ్లకు చాకిరీ చేసిన పిచ్చిముండ రెంటచింతలలో నేనొక్కదాన్నే. దీనికంతటికీ కారణం నా తోడబుట్టినవాడు. మౌలాలీ ఊరందరి ముందు చేశాడు, నువ్వు నా వెనక చేశావు. వాడే నయం.

సరే, విను. నీ విత్తనాలు, నీ కన్నయ్య నాకు అక్కర్లేదు. పిల్లిపెసర మేత మన నేలకు కొత్త కాదు. డాక్టరమ్మను మాటల్లో పెట్టి అడిగాను. తడి మీద పరగడుపున మేస్తే అదీ ఉబ్బిస్తుందట. డిసెంబర్‌లోనే నీ మీద అనుమానం వచ్చి, అదీ పప్పుజాతే కదా అని బోరు కింద చల్లి పెట్టాను. పిలకలు వేసి పచ్చగా ఉంది. ఈ నెలాఖరుకు మేతకు వస్తుంది. గేదెలకు దారి అలవాటైపోయింది, ఆ కంతను నాలుగు గజాలు పక్కకు జరిపితే చాలు. ఆ అలవాటు చేసింది నువ్వే. అందుకు మాత్రం నీకు సంతోషం తెలుపుతున్నాను.

జైనాబ్ బీ


నరసరావుపేట,
10 జనవరి 2025

అక్కా,

అవును, కావాలనే మార్చాను. కన్నయ్యను ఉబ్బరం రాని మేత ఏదని అడిగి మరీ కొన్నాను. తప్పు అనుకోవడం లేదు. మళ్ళీ అడిగినా అదే పంపుతాను. మౌలాలీ బావ గేదెలను కాపాడటానికి కాదు. వాటి కళ్ళు తేలేయడం నువ్వు దగ్గర కూర్చుని చూసేదానివి. చూశాక నీకు నిద్ర ఉంటుందా? కర్రోడు పోయాక నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు ఎలా అయ్యావో నేను చూశాను. ఇంకోసారి నిన్ను అలా చూడలేను.

నన్ను తిట్టు. మాటలు మానెయ్యి. పిల్లిపెసరకు మాత్రం నీ దున్నలను ఎండెక్కాక, ఎండుచొప్ప మేశాక తోలు. నేను ఆదివారం వస్తున్నాను. తలుపు తీయకపోతే అరుగు మీద కూర్చుంటాను.

తమ్ముడు
ఐజాజ్


రెంటచింతల,
31 జనవరి 2025

తమ్ముడూ,

ఆ ఆదివారం నిజంగానే అరుగు మీద పొద్దుగూకే దాకా కూర్చుని వెళ్ళిపోయావు. తలుపు తీయలేదు. కిటికీలోంచి చూశాను. చిక్కిపోయావు. ఇక్కడ జరిగింది నీకు తప్ప ఎవరికీ రాయలేను కాబట్టి రాస్తున్నాను.

పిల్లిపెసర ఎదిగింది. మొన్న సాయంత్రం కంత పక్కకు జరిపాను. తెల్లారితే చాలు అనుకుని అన్నం తిన్నాను. అప్పుడు మౌలాలీ వచ్చాడు. వెనక జుబేదా. వాడి చేతిలో పలుపు, పలుపుకు ఒక దున్నదూడ. కర్రోడు పోయాక వాడు నా గడప తొక్కడం అదే మొదలు.

"ఏమమ్మాయ్, లోపలికి రావచ్చా?" అన్నాడు. నేను గుమ్మానికి అడ్డం వచ్చాను. వాడు అక్కడే నిలబడి మాట్లాడాడు.

"నువ్వు కంప తీసి మంచులో కూచుంటే మొదట్లో నాకు అర్థం కాలా. రోజూ నా బర్రెలు నీ చేను మేస్తా ఉన్నయ్, నువ్వు చూస్తా ఉన్నావు, ఒక్క రోజు అదిలించలా. నీ గొడ్లకి ఎండుచొప్ప ఏసి నా గొడ్లకి పచ్చిమేత ఇడిచినావు. జుబేదా నన్ను కడిగిపెట్టింది. ఆ పిల్ల మనసు చానా పెద్దది, నీది ఏంది అట్టా ఎండిపోయింది అని. ఆ రోజు నీకు ఒక ఫోన్ చేస్తే సరిపోయేది, చెయ్యలా. నీళ్ళు పెట్టమని కాపలావోడికి చెబితే సరిపోయేది, చెప్పలా. వామి పీకినయ్యని కాదమ్మాయ్. మా తమ్ముడు పోయినా నువ్వు నాకంటే బాగా బతుకుతున్నావని కళ్ళమంట. నాదే తప్పు. ఈ దూడను కట్టేసుకో."

జుబేదా ముక్కు చీదుకుంది. వాకిట్లో ఎవరో ఇద్దరు ముగ్గురు నిలబడి వింటున్నారు కూడా.

ఐజాజ్, నా ఒళ్ళు ఎంత మండిందో నీకు చెప్పలేను. ఇన్ని నెలలు కాపాడుకున్న పగ. దాన్ని వాడు ఒక్క క్షమాపణతో నా చేతిలోంచి లాక్కుపోతున్నాడు. పైగా నన్ను మంచిదాన్ని చేసి, ఊరికి చూపించి. నేను ఆ దూడను కట్టేసుకుంటే చచ్చేదాకా ఆ మంచిదానిలా నటించాలి. దాని బదులు వాడిని కొట్టడానికి నా దగ్గర ఒక్కటే మిగిలింది, నిజం. అదే తీసి కొట్టాను.

"నీ మొహానికి మంచితనం ఒకటా? నీ బర్రెలు ఉబ్బి చావాలని కంత తీశా. మంచు మీద పరగడుపున తింటే చస్తయ్యని విని ఆ మేత ఏశా. నా తమ్ముడు ఇత్తనం మార్చబట్టి బతికినయ్. లేకపోతే ఆ చూలు బర్రెతో సహా నువ్వు గుంట తవ్వుకునేవాడివి. రేపటికి పిల్లిపెసర సిద్ధంగా ఉంది, పోయి చూసుకో, కంత కూడా జరిపా. ఈ దూడ నాకొద్దు. కర్రోడికి బదులు ఇంకోడు లేడు."

జుబేదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడి మొహంలో రక్తం పోయింది. నేను ఎనిమిది నెలలుగా చూడాలనుకున్న మొహం అదే. తృప్తిగా చూశాను, అబద్ధం ఎందుకు? పలుపు పట్టుకుని దూడను తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి గోడ అవతల ఒక్క మాట వినపడలేదు. నా చెవి వల్ల కాదు.

మర్నాడు తెల్లవారుజామున నేను రాయి మీద కూర్చున్నాను. గేదెలు రాలేదు. గెలిచాను అనుకున్నాను. వాడిని బతికినన్నాళ్ళు భయపెట్టాను అనుకున్నాను. అయినా లేచి ఇంటికి పోబుద్ధి కాలేదు.

బాగా ఎండెక్కింది. ఆకుల మీద తడి ఆరింది. అప్పుడు వచ్చాయి. ముందు ముసలి గేదె, దాని పక్కన మౌలాలీ, చేతిలో కర్ర కూడా లేదు. గేదెల దవడలు ఆడుతున్నాయి. ఇంట్లో ఎండుచొప్పతో కడుపు నింపి, నెమరు వేయించి మరీ తోలుకొచ్చాడు. పిల్లిపెసర వైపు తీసిన కంత దగ్గర ఆగాడు. నా వైపు చూసి, "ఇప్పుడు తోలొచ్చా అమ్మాయ్?" అని అడిగాడు.

నా నోటికి తిట్లకు ఎప్పుడూ కరువు లేదు. ఆ పూట ఒక్కటి రాలేదు. తల ఊపాను.

పగ చల్లారిందని అనుకోకు, కర్రోడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి. కానీ చంపాలనుకున్నదాన్ని అని తెలిసి కూడా గేదెలను నా ముందుకు తోలుకొచ్చి నిలబడిన మనిషి మీద పగ ఎలా తీర్చుకుంటారో నాకు తెలియదు. నీకు తెలిస్తే రాయి.

అక్క
జైనాబ్ బీ